జీవకణములో భాస్వరము
(ఉపన్యాస పాఠము)



గాదె నిండ ధాన్యమున్నంత మాత్రమున ఆకలి తీరదు. దానిని తీసి, దంచి, చెరిగి, ఎసటిలో పోసిన పిదపనే అది విస్తరిలోనికి వచ్చును. దేహమునందును ఇట్లే జరుగుచున్నది. తిన్న అన్నము, పప్పు, నెయ్యి దేహమునకు గాదెలోని ధాన్యము వంటివి. కండరము ముడుచుకొనుటకు గాని, మెదడు పనిచేయుటకు గాని అవి ఉన్నవి ఉన్నట్లు పనికిరావు. అవి మెట్టుమెట్టుగా విడిపోయి, వాని శక్తి మరియొక చిన్న పదార్థములోనికి మారవలెను. ఆ పదార్థమే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. శాస్త్రజ్ఞులు దానిని క్లుప్తముగా ఏ.టి.పి. యందురు. గరికపోచ మొదలు మఱ్ఱిచెట్టు వరకు, చీమ మొదలు ఏనుగు వరకు దీనితో పనిలేని ప్రాణి లేదు.

దీనిని కండరము నుండి మొట్టమొదట వేరుచేసిన వారిలో ఒకరు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారి ఇద్దరు సోదరులు ఎనిమిది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధికి బలియైరి. ఈ వ్యాధి పట్టినవారికి ప్రేగులు ఆహారసారమును పీల్చుకొనలేవు. నాలుక పుండగును, విరేచనములు ఆగవు, రక్తము పలుచబడును. కంచము నిండ అన్నమున్నను రోగి చిక్కి శల్యమగును. సుబ్బారావుగారికిని అదే వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బయటపడిరి. ఆ పిదప మదరాసు వైద్యకళాశాలలో చదువు ముగించి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెడలిరి. స్ప్రూను గుణపరచు మందు కనుగొనవలెనన్నది ఆయన కోరిక. కాని అచ్చట దొరకిన పని వేరు. రక్తములోను, కండరములోను భాస్వరమెంత యున్నదో కొలుచుట!

ఆచార్య ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతి తేలికైనది. పరీక్షింపవలసిన ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డినము లవణమును, మరియొక మందును చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరమెంత ఎక్కువైన నీలము అంత చిక్కనగును. నేటికిని ప్రయోగశాలలలో ఈ పద్ధతి వారి పేరనే చెలామణి అగుచున్నది.

కండరపు ద్రవమును పరీక్షించునప్పుడు ఒక వింత కనబడెను. నీలిరంగు వెంటనే పూర్తిగా రాదు. నెమ్మదిగా, నిమిషములు గడచుకొలది పెరుగుచు వచ్చును. మరియొకరైనచో మందు చెడినదని పారబోసియుందురు. వీరు అట్లు చేయలేదు. ఆమ్లము తగిలిన కొలది మెల్లగా విడిపోవు భాస్వర పదార్థమేదో కండరములో నున్నదని ఊహించి, దానిని వెదకి పట్టిరి. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి వెల్లడియైనది. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును అదే కాలమున ఆ పదార్థము జాడ తీసిరి. 1929లో ఫిస్క్, సుబ్బారావుగార్లు ఏ.టి.పి.ని వేరుచేసిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే సంవత్సరమున వేరుగా దానిని కనుగొనెను.

అంతవరకు కండరబలమునకు మూలము లాక్టికామ్లమని పెద్దలు నమ్మియుండిరి. కండరమును గూర్చిన పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్ అనువారు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము నందినవారు. అయినను లాక్టికామ్లము పుట్టకుండ విషముచే అడ్డగించినను కండరము కొంతసేపు ముడుచుకొనుచునే యుండునని 1930లో డెన్మార్కు దేశీయుడు లుండ్స్‌గార్డ్ చూపెను. అప్పుడు తరుగునది ఫాస్ఫోక్రియాటిన్! పాత సిద్ధాంతము తలక్రిందులైనది. బస్తాను భుజమున కెత్తుకొను కూలివాని కండరములో సిద్ధముగానున్న ఏ.టి.పి. రెండు మూడు సెకండ్లకు మించి చాలదు. తరిగినదానిని తరిగినట్లు పూరించుటకు ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరము నిచ్చును. అదియు అయిపోవులోపల ఆహారమునుండి శక్తి అందుకొనును. ఒక మనుష్యుని దేహములో ఒక దినమున తయారై ఖర్చగు ఏ.టి.పి. అంతయు కూడినచో ఇంచుమించు ఆ మనుష్యుని బరువే తూగును.

ఏ.టి.పి.లో మూడు భాగములు కలవు: అడినిన్ అను క్షారము, రైబోస్ అను చక్కెర, వరుసగా మూడు భాస్వర శకలములు. కొసనున్న శకలము తెగినప్పుడు వెలువడు శక్తితోనే పని జరుగును. ఇందులో విశేషమేమనగా, ఈ అడినిన్ వంశలక్షణములను మోయు న్యూక్లియిక్ ఆమ్లములలోను ఒక అక్షరము. 1869లో మీషర్ అను స్విట్జర్లండు యువకుడు వైద్యశాలలోని పుండ్లకట్లకు అంటిన చీమునుండి, భాస్వరము అధికముగానున్న ఒక పదార్థమును వేరుచేసెను. ఎవరును ముట్టనొల్లని ఆ చీములోనే వంశవృక్షపు వ్రాత దొరకినది! ఆ వ్రాతకు అడినిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్ అను నాలుగక్షరములు. రెండు పేటలు పెనవేసుకొనిన త్రాటివలె నుండు దాని ఆకృతిని 1953లో వాట్సన్, క్రిక్ వివరించిరి. కణము రెండగుటకు ముందు ఆ వ్రాత యావత్తు నకలు కావలెను.

సుబ్బారావుగారి పాతకోరిక ఈ నకలు దగ్గరనే తీరినది. హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి లభింపక ఆయన 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. ఆయన నాయకత్వమున అచ్చటి రసాయనికులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. లాటిను భాషలో ఆకు అను మాటనుండి వచ్చిన పేరిది; ఆకుకూరలలో ఇది సమృద్ధిగా నుండును. కూరను ఎక్కువసేపు ఉడికించి నీరు వార్చినచో చాలవరకు పోవును. థైమిన్ అక్షరమును కూర్చుటకు ఫోలిక్ ఆమ్లము తప్పనిసరి. మనుష్యుని ఎముకల మూలుగలో సెకండుకు సుమారు 20 లక్షల ఎఱ్ఱకణములు పుట్టవలెను. థైమిన్ కొరవడినచో నకలు సాగదు. కణములు రెండుగా చీలక ఊరక ఉబ్బును, రక్తము పలుచబడును. స్ప్రూ రోగి రక్తము పలుచబడుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి. ఫోలిక్ ఆమ్లమిచ్చిన రోగులకు నాలుక పుండు మానినది, రక్తము పట్టినది. సోదరులు గతించి అప్పటికి ఇరువది ఏండ్లు పైబడినవి.

కణము చీలుటకు ఫోలిక్ ఆమ్లము కావలసియున్నచో, అదుపులేక చీలు కణములకు దానిని అందకుండ చేసిన నేమగును? సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమునకు కవలవలె కనబడు అమినోప్టెరిన్‌ను తయారుచేసెను. కణము దానినే అసలైనదని భ్రమసి గ్రహించును, పని ఆగిపోవును. బోస్టను నగరమున ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు దీనినిచ్చెను. 10 మందికి వ్యాధి కొంతకాలము వెనుకకు తగ్గినది. అంతకుముందు ఆ వ్యాధికి ఏ మందును పనిచేసి యెరుగదు. ఆ ఫలితములు 1948 జూనులో ప్రకటితమైనవి. తరువాత దాని స్థానమును ఆక్రమించిన మెథోట్రెక్సేట్ ఆ కుటుంబములోనిదే; నేటికిని వైద్యులు వాడుచున్నారు.

ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కు నగరమున తమ 53వ ఏట దివంగతులైరి.