నదికి హద్దురాళ్ళు
(చోడవరము పఠనమందిరమున జరిగిన సభలో చేయబడిన యుపన్యాస పాఠము)



పట్టణాభివృద్ధి యనిన మనవారు విశాలములైన వీధులను, మేడలను, అంగళ్ళను తలంతురు. వాననీరు ఎచట నిలుచును, ఎటు పారును అను విచారము మొదట చేసి, ఇండ్లెచ్చట కట్టవలయునో తరువాత నిర్ణయించుట న్యాయమైన క్రమము. ఈ క్రమమును తలక్రిందు గావించిన పట్టణములు దాని ఫలము ననుభవించినవి.

1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదు నగరమున వేలకొలది ప్రాణములను బలిగొనినది. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యోచనపై 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియైనవి. ఆ జలాశయముల రక్షణకై 1996 మార్చి 8వ తేదీని 111వ ఉత్తరువు వెలువడి, వాని చుట్టును 10 కిలోమీటర్ల మేర కాలుష్యకరములగు పరిశ్రమలను, పెద్ద వసతిగృహములను, నివాసవాటికలను నిషేధించినది. 2000 సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానము ఆ నిషేధమును బలపరచినది. 2022లో తెలంగాణ ప్రభుత్వము ఆ కట్టుబాటులను తొలగింప నుత్తరువు చేసినది. ఇక విజయవాడ మాట చెప్పనేల? 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి లక్షలాది జనులను నీటిపాలు చేసినది. ఏరు తన త్రోవను మరువలేదు. ఆ త్రోవ నాక్రమించి గోడలు లేపినవారే దానిని మరచిరి.

మన సీమకు శారదానది ప్రాణాధారము. తూర్పుకనుమలలో పుట్టి, బొడ్డేరు, పెద్దేరు మున్నగువానిని గలుపుకొని అనకాపల్లి మీదుగా సముద్రమును జేరు నీ నది మన చెరకుతోటలను బెంచుచున్నది. దానిపై గట్టిన రైవాడ జలాశయము నీరు విశాఖపట్టణపు దాహమును దీర్చుచున్నది. ఒకప్రక్క విశాఖపట్టణము, ఒకప్రక్క అనకాపల్లి పెరుగుచుండ చోడవరమును పెరుగకతప్పదు. పొలములు స్థలములగుచున్నవి. పొలముగట్టు పోయి ప్రహరి వచ్చిన పిదప నదిని వెనుకకు దెచ్చుట అసాధ్యము. కావున ఈ విచారమునకు సమయము నేడే.

శాసనములు లేవా? కలవు. 1884 నాటి నదీపరిరక్షణ శాసనము, ప్రభుత్వము ప్రకటించిన నదులకు కొలతలు వేయించి, హద్దులు నిర్ణయించి, ఆ హద్దులలో అనుమతిలేని నిర్మాణములను నివారించుటకు అధికారమిచ్చినది. 1905 నాటి భూమ్యాక్రమణ శాసనము నదుల, వాగుల, చెరువుల గర్భములు ప్రభుత్వపు సొత్తని స్పష్టముగ జెప్పినది. 2012 ఏప్రిలు 7వ తేదీని ఉమ్మడి రాష్ట్రమున వెలువడిన 168వ ఉత్తరువు, పురపాలక పరిధి వెలుపల నదీసీమకు 100 మీటర్లును, పరిధి లోపల 50 మీటర్లును, 10 హెక్టార్లకు మించిన చెరువులకు 30 మీటర్లును, 10 మీటర్ల వెడల్పునకు మించిన వాగులకు 9 మీటర్లును ఎడము విడువవలయునని విధించినది. 2017లో మన రాష్ట్రమున వేరుగ నిబంధనలు వచ్చినను నీటిపట్టులకు ఎడము విడువవలెనను మూలసూత్రము పోలేదు.

ఈ నిబంధనలలో రెండు లోపములు మాకు గన్పట్టుచున్నవి. మొదటిది: పల్లెయందు 100 మీటర్లు గోరిన నది, ఆ పల్లె పురపాలక సంఘమైన మరునాడు 50 మీటర్లతో తృప్తిపడవలెనట! వరద ఆ మార్పు నెరుంగునా? ఇండ్లు చిక్కనగుచోటనే గదా నీటికి మరింత యెడము కావలయును. రెండవది ఇంతకంటె గొప్పది. నూరు మీటర్లు దేనినుండి కొలువవలయును? నదీసీమనుండి. ఆ సీమ యెచట? పటములో గీత యుండవచ్చును గాని నేలపై రాయి లేనిచో, న్యాయస్థానమున వాదము ఏండ్లకొలది సాగును. ఈలోపల మేడ లేచును. హద్దురాయి లేని నిబంధన కాగితమునకే పరిమితము.

నిబంధన పేదవాని గుడిసెను గూల్చుటకును, ధనికుని భవనమును జూచి కన్నులు మూసికొనుటకును గాదు. కృష్ణ యొడ్డున ఉండవల్లి కరకట్ట చెంత ప్రభుత్వమే గట్టిన ప్రజావేదికను 2019 జూనులో తరువాతి ప్రభుత్వము అక్రమ నిర్మాణమని కూల్చినది. ప్రభువులే దాటిన గీతను ప్రజలు పాటింతురని యెట్లు తలంపవచ్చును? ఏటియొడ్డున దశాబ్దములుగ నున్న నిరుపేదను లేపవలసివచ్చిన, ముందుగ తాఖీదిచ్చి, వాని మాట విని, వేరొకచోట నీడ చూపి పిమ్మటనే లేపవలయును. ధర్మమునకు సమవర్తనము ప్రాణము.

పట్టాభూములు గల రైతు, “మా భూమి మాకు పనికిరాకుండునా?” యని యడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. కాని ఈ యెడము నిర్మాణమును నివారించుటకే, దున్నకమును గాదు. చెరకు నాటవచ్చును, తోట వేయవచ్చును. నష్టపడునది రైతు గాదు, వాని పొలమును గొని ముక్కలుచేసి యమ్మదలచిన దళారియే.

కావున మేము గోరునది స్వల్పము. రెవెన్యూ, జలవనరుల శాఖలవారు కలిసి శారదకును దాని యుపనదులకును కొలతలు వేయించి హద్దురాళ్ళు పాతవలయును. ఆ పటము పంచాయతీ కార్యాలయపు గోడపై అందరికిని గన్పడవలయును. అది లేక ఏటిదాపున ఏ స్థలవిభాగమునకును అనుమతి యీయరాదు. ప్రజలును చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. 2005 నాటి సమాచారహక్కు శాసనము ప్రకారము ఎవరైనను పటము నకలు గోరవచ్చును. సామాన్యముగ 30 దినములలో ప్రత్యుత్తర మీయవలయును. గ్రామసభలో ఈ విషయమును బెట్టి తీర్మానము చేయింపవచ్చును. స్థలము గొనువారు దాని ధరతోపాటు ఏటికి అదెంత దూరమో గూడ విచారింపవలయును.

వరద వచ్చిన పిమ్మట విరాళములు పోగుచేయుట మనకు బాగుగ తెలియును. వరదకు ముందు హద్దురాయి పాతించుట నేర్చుకొందము గాక.