రక్త క్యాన్సర్: చికిత్స మొదటి నెల



ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఈ పాఠం చెబుతున్నాను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు మీలో చాలామందివి. మీ పెద్దలూ ఈ పాఠం చదవవచ్చు. కాని నేను మాట్లాడేది మీతో. క్యాన్సర్ అన్న మాట ఇంట్లోకి రాగానే పిల్లల ముందు ఆ మాట ఎత్తడం మానేస్తారు. చికిత్స జరగవలసింది మాత్రం ఆ పిల్లలకే.

పదిహేనేళ్ల అబ్బాయి ఒకడున్నాడనుకుందాం. రెండు వారాలుగా జ్వరం వచ్చి పోతోంది. కాళ్ల ఎముకలు నొప్పి. స్టేషన్ ఓవర్‌బ్రిడ్జి ఎక్కితే ఆయాసం. పళ్లు తోముకుంటే చిగుళ్లలో రక్తం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద నీలి మచ్చలు. వీటిలో ఏ ఒక్కటైనా మామూలు జబ్బుల్లోనూ ఉంటుంది. అన్నీ కలిసి వచ్చి తగ్గకుండా ఉంటే మాత్రం రక్తకణాల లెక్క చూడాలి. ఇంతలో ఎవరో చెప్పారని మందుల దుకాణంలో స్టెరాయిడ్ మాత్రలు కొని వేసుకోకండి. అవి లుకేమియా కణాలను కొంతవరకు చంపుతాయి. అందువల్ల జబ్బు కొన్నాళ్లు దాక్కుంటుంది, నిర్ధారణ ఆలస్యమవుతుంది.

లోపల ఏం జరుగుతోంది? నింపురా యార్డు మీకు తెలిసిందే. లైన్లన్నీ పనికిరాని వ్యాగన్లతో నిండిపోతే, మంచి రేక్ బయటికి కదలడానికి దారి ఉండదు. రక్తకణాలు తయారయ్యే ఎముక మూలుగలో, ఎదగని తెల్లకణాలు అలాగే కిక్కిరిసిపోతాయి. ఎర్రకణాలు తగ్గి ఆయాసం వస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గి మచ్చలు వస్తాయి. పనిచేసే తెల్లకణాలు తగ్గి జ్వరం వస్తుంది. దీని పేరు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇది అంటుకోదు. తిన్న తిండి వల్లనో, చేసిన తప్పు వల్లనో రాదు.

నిర్ధారణకు తుంటి ఎముక వెనుక వైపు నుంచి సూదితో కొంచెం మూలుగ తీస్తారు. మందు ఇచ్చి చోటు మొద్దుబారేలా చేసినా, లాగే క్షణంలో నొప్పి తెలియవచ్చు. ఉండదని మీకు అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు.

పెద్ద చికిత్సకు కలకత్తా వెళ్లాలి. హౌరా 115 కిలోమీటర్లు. అక్కడ 1950లో ప్రారంభమైన చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రి, 2011లో న్యూటౌన్‌లో మొదలైన టాటా మెడికల్ సెంటర్ ఉన్నాయి. రైల్వే పాస్ లేని కుటుంబాలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆసుపత్రి ధ్రువపత్రం ఉంటే చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలలో చార్జీ పూర్తిగా మినహాయిస్తారు. తోడు వెళ్లేవారికి నూటికి 75 తగ్గిస్తారు. ఇంకొక ప్రశ్న డాక్టరును తప్పక అడగండి: “మా అబ్బాయికి పిల్లల పద్ధతిలో చికిత్స చేస్తున్నారా, పెద్దల పద్ధతిలోనా?” పదిహేను, పదహారేళ్లవారికి పిల్లల పద్ధతి మెరుగైన ఫలితం ఇస్తుందని 2000 తర్వాత వచ్చిన అనేక అధ్యయనాలు చూపాయి.

మొదటి నెలలో స్టెరాయిడ్లు, విన్‌క్రిస్టిన్, ఆస్పరాజినేజ్ వంటి మందులు కలిపి ఇస్తారు. అవే స్టెరాయిడ్లు ఇక్కడ డాక్టరు లెక్క ప్రకారం పనిచేస్తాయి. మొహం ఉబ్బుతుంది, ఆకలి విపరీతంగా వేస్తుంది, ఊరికే కోపం వస్తుంది. జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది. వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కిస్తారు. ఈ మందు వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం అచ్చం ఆ ఆమ్లంలా కనిపించే పదార్థాలను తయారు చేసింది. కణం మోసపోయి వాటిని తీసుకుంటుంది, విభజన ఆగిపోతుంది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. కాని కొద్ది నెలలకే జబ్బు తిరగబెట్టింది. సుబ్బారావు గారు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టం. నేడు అనేక మందులు కలిపి వాడుతున్నారు కనుక, సంపన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి 90 మంది దాకా బతుకుతున్నారు.

ఈ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది అత్యవసర పరిస్థితి. థర్మామీటరు పెట్టకముందే పారాసిటమాల్ వేసుకోకండి. యాంటీబయాటిక్ మొదటి ఇంజెక్షను గంటలోపు పడాలి. కలకత్తా రైలు కోసం ఎదురుచూడడానికి సమయం ఉండదు. ఖరగ్‌పూర్‌లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో, అక్కడ ఏ కాగితం చూపాలో చికిత్స మొదలైన వారంలోనే మీ డాక్టరును అడిగి రాసి పెట్టుకోండి.

నెల తిరిగేసరికి చాలామందికి రక్తం బాగుపడుతుంది. జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది, మైక్రోస్కోపులో చెడ్డ కణాలు కనిపించవు. చాలా ఇళ్లల్లో “తగ్గిపోయింది కదా” అనుకునేది ఇక్కడే. ఒక లెక్క చూడండి. జబ్బు బయటపడిన రోజున శరీరంలో సుమారు లక్ష కోట్ల లుకేమియా కణాలుంటాయి. మైక్రోస్కోపుకు కనబడకుండా పోయాక కూడా వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండవచ్చు. అందుకే చికిత్స మొత్తం రెండేళ్లకు పైగా సాగుతుంది. అందులో ఎక్కువ కాలం మీరు ఇంట్లోనే ఉంటారు, బడికి వెళతారు, రోజూ మెర్‌కాప్టోప్యూరిన్ మాత్ర వేసుకుంటారు. నూటికి ఐదుకు మించి మోతాదులు తప్పినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 2012లో అమెరికాలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఎక్కువగా తప్పేది కౌమారంలో ఉన్నవారే. ఒళ్లు బాగున్నప్పుడు, స్నేహితులతో గోల్‌బజార్ వెళ్లిన సాయంత్రం, మాత్ర ఎవరికి గుర్తుంటుంది?

కనుక మాత్ర వేసుకున్న ప్రతి రోజూ గోడ క్యాలెండరులో మీ చేత్తోనే గీత పెట్టండి. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి. గీత లేని ఆ గడిని అలాగే ఉంచి, తర్వాతిసారి కలకత్తా వెళ్లినప్పుడు డాక్టరుకు చూపండి.