సాంచాల ఊళ్లో కెమెరా



తీరిక వేళల్లో చేసే పని మనిషిని బట్టి ఉంటుంది. ఒకరు పాట నేర్చుకుంటారు, ఒకరు మొక్కలు పెంచుతారు, ఇంకొకరు తపాలా బిళ్లలు సేకరిస్తారు. ఫోటోలు తీయడం కూడా అలాంటి అభిరుచే. అయితే ఫోటో అనగానే చాలామందికి జలపాతాలు, కోటలు, సముద్రం మీద సూర్యాస్తమయం గుర్తుకొస్తాయి. "మా భివండీలో ఏముందండీ ఫోటో తీయడానికి? పొద్దున లేస్తే సాంచాల చప్పుడు, గల్లీల్లో తానులు మోసే టెంపోలు, గోదాముల ముందు లారీలు, అంతేగదా!" అంటారు. ఆ అంతేగదా అన్నదాంట్లోనే మన బతుకంతా ఉంది. దాన్ని ఫోటో తీయడం గురించే నాలుగు మాటలు చెబుతాను.

తెలంగాణ జిల్లాల నుంచి, ముఖ్యంగా కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి నేత కుటుంబాలు తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చాయి. పద్మానగర్‌లో నడుస్తుంటే తెలుగు బోర్డులు కనిపిస్తాయి, తెలుగు మాటలు వినిపిస్తాయి. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచె అంటారు. ఆ సాంచె మీదే ఇళ్లు నిలిచాయి, పిల్లల చదువులు సాగాయి, ఊళ్లో అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి. నేను ఉపాధ్యాయుణ్ణి. పిల్లలకు తెలుగూ మరాఠీ చెబుతాను. ఒకసారి తరగతిలో, "మీ నాన్నగారో తాతగారో పని చేస్తున్న ఫోటో ఒకటి తీసుకురండి, దాని మీద పది వాక్యాలు రాద్దాం" అన్నాను. మర్నాడు పిల్లలు ఫోటోలు తెచ్చారు. పెళ్లి ఫోటోలున్నాయి. వేములవాడ, యాదగిరిగుట్ట యాత్రల ఫోటోలున్నాయి. స్టూడియోలో తాజ్‌మహల్ బొమ్మ ఉన్న తెర ముందు నిలబడి తీయించుకున్నవీ ఉన్నాయి. సాంచె దగ్గర నిలబడ్డ ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. నలభై ఏళ్లు ఒకే పని చేసిన మనిషికి ఆ పనిలో ఉన్న చిత్రం ఒక్కటీ లేదన్నమాట.

ఎందుకు లేదో ఊహించడం కష్టం కాదు. ఫిలిం రోజుల్లో ఫోటో ఖర్చుతో కూడిన పని. ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో ఒక రీలుకు 12 ఫోటోలే వచ్చేవి. తర్వాత వచ్చిన 35 మిల్లీమీటర్ల రీలుకు 36. అంత ఖరీదైన ఫోటోను కొత్త బట్టలు కట్టుకున్న రోజుకే దాచుకునేవాళ్లు. బనీను మీద, జుట్టు నిండా దూది నూగుతో ఉన్నప్పుడు ఎవరు తీయించుకుంటారు? ఇప్పుడు ఆ ఖర్చు లేదు. సెల్‌ఫోను ప్రతి చేతిలో ఉంది. అయినా అలవాటు మారలేదు. హోటల్లో ప్లేటు ఫోటో తీస్తాం, నాన్న పనిని తీయం.

ఫోటోగ్రఫీ చరిత్ర చూస్తే, అభిరుచిగా మొదలుపెట్టినవాళ్లే గొప్ప పనులు చేసిన సందర్భాలు ఉన్నాయి. రాజా దీన్ దయాళ్ పేరు వినే ఉంటారు. ఆయన ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ 1874 ప్రాంతంలో కెమెరా పట్టారు. తర్వాత హైదరాబాదు నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారులయ్యారు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో పెట్టారు. ఆయన చిత్రాల్లో ఆనాటి భవనాలు, దర్బారులు, వేటలు ఈనాటికీ కళ్లకు కడతాయి. అదే కాలంలో అదే నిజాం రాజ్యంలో మన ముత్తాతలు గుంట మగ్గాల మీద చీరలు నేశారు. వాళ్ల చిత్రం మన ఇళ్లలో ఎవరి గోడ మీదైనా ఉందా? రాజులకు ఆస్థాన చిత్రకారులుంటారు. మన ఇంటికి మనమే ఆస్థాన చిత్రకారులం కావాలి.

ఇంకొకరి సంగతి చెబుతాను. అమెరికాలో లూయిస్ హైన్ అనే బడిపంతులు ఉండేవారు. న్యూయార్కులో పాఠాలు చెబుతూ కెమెరా నేర్చుకున్నారు. 1908 నుంచి బాల కార్మికుల కోసం పనిచేసే ఒక సంఘం తరఫున బట్టల మిల్లులు, గనులు తిరిగి అక్కడి పిల్లల ఫోటోలు తీశారు. ఆయన ఫోటో తీసి ఊరుకోలేదు. ఆ పిల్లవాడి పేరు, వయసు, ఊరు, చేసే పని కాగితం మీద రాసుకున్నారు. నూలు యంత్రం పక్కన నిలబడ్డ చిన్నపిల్లను చూశాక ఇక ఎవరూ మిల్లుల్లో పిల్లలు లేరని బుకాయించలేకపోయారు. పేరూ తేదీ తోడైతే ఫోటో సాక్ష్యమవుతుందని ఆ పంతులుగారి పని చెబుతోంది.

మన తెలుగువాళ్లలోనూ ఇలాంటివారున్నారు. అప్పటి కరీంనగర్ జిల్లా కోరుట్లలో పుట్టిన బండి రాజన్ బాబు హైదరాబాదులో ఎందరికో ఈ కళ నేర్పి 2011లో కన్నుమూశారు. 2022లో మరణించిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల తలుపులు, గోడలు, బతుకమ్మలు, కష్టజీవుల ముఖాలు జీవితమంతా చిత్రించారు. ఊరి తలుపు కూడా చిత్రానికి తగిన వస్తువేనని ఆయన చూపించారు. అలాంటప్పుడు మన సాంచె ఎందుకు కాదు?

ఇక కార్ఖానాలో ఫోటో తీయడంలో ఉన్న సాధకబాధకాలు చూద్దాం. మామూలు సాంచె నిమిషానికి 120 నుంచి 150 పేకలు వేస్తుందనుకుందాం. అంటే నాడె సెకనుకు రెండుసార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా, ఈ చివర నుంచి ఆ చివరకు దూకుతుంది. దాని వేగం సెకనుకు సుమారు 10 మీటర్లు. కెమెరా షట్టరు సెకనులో 50వ వంతు తెరుచుకుంటే, ఆ కాస్త సమయంలోనే నాడె 20 సెంటీమీటర్లు జరిగిపోతుంది. చిత్రంలో అది చారలా పడుతుంది. 1000వ వంతు పెడితే ఒక సెంటీమీటరే జరుగుతుంది, కానీ కార్ఖానాలో అంత వెలుతురు ఉండదు. పైగా పాతరకం ట్యూబులైటు మన కంటికి తెలియకుండా సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. షట్టరు వేగం బాగా పెంచితే చిత్రం మీద నల్లని పట్టీలు పడతాయి.

అందుచేత నాడెను పట్టుకోవాలని తాపత్రయపడకండి. అది చారలాగే పడనివ్వండి, వేగం కనిపిస్తుంది. మీరు మనిషిని చూడండి. పడుగులో పోగు తెగినప్పుడు సాంచె ఆగుతుంది. నేతకారుడు వంగి, తెగిన కొసను వెతికి, అచ్చులోంచి తీసి ముడివేస్తాడు. ఆ కొద్ది క్షణాలు చేతులు నిదానంగా కదులుతాయి, కళ్లు ఒక్కచోట నిలుస్తాయి. అతని ఏళ్ల అనుభవం అంతా ఆ వేళ్లలో కనిపిస్తుంది. తలుపులోంచో కిటికీలోంచో వెలుగు పక్కనుంచి పడేచోట నిలబడండి. మోచేతిని గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. నడుస్తున్న సాంచె దగ్గర ఫ్లాష్ వెలిగించకండి. పని చేసేవాడి కళ్లు చెదిరితే ప్రమాదం. కెమెరా పట్టీ, చున్నీ, వదులు చొక్కా బెల్టుల దగ్గరికి రానివ్వకండి. నాడె ఒక్కోసారి ఎగిరి బయటికి వస్తుంది కాబట్టి అది వచ్చే దారికి ఎదురుగా నిలబడకండి. నూగు కటకం మీద పేరుకుంటుంది, దాన్ని మెత్తని గుడ్డతో తుడవండి. వానాకాలంలో తేమకు కటకం బూజు పడుతుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు కెమెరా సంచిలో వేసుకుంటే మేలు.

వీటన్నిటికన్నా ముఖ్యం అడిగి తీయడం. సేఠ్‌ని అడగాలి, నేతకారుణ్ణి కూడా అడగాలి. మనవాడైతే "అన్నా, ఒక ఫోటో తీసుకోనా?" అనండి. మరాఠీ సోదరుణ్ణి "ఫోటో కాఢూ కా?" అని అడగండి. ఉత్తరప్రదేశ్ నుంచో బీహార్ నుంచో వచ్చినవాడైతే "భాయ్, ఏక్ ఫోటో లూఁ?" అనండి. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడి సమయానికి విలువ ఉంది. మీ కోసం సాంచె ఆపితే అతనికి నష్టం. తీసిన ఫోటో అచ్చు వేయించి అతని చేతికి ఇవ్వండి. మా వాడలో ఒక పెద్దాయన్ని అడిగితే, "నా మొహం ఏముంది సారూ, సాంచెను తియ్యి. రేపు మాపు దీన్ని తుక్కోనికి ఇస్తరట" అన్నాడు. నేను ఇద్దరినీ కలిపి తీశాను. నెల తిరక్కముందే ఆ సాంచె ఇనుప తుక్కు కింద పోయింది. ఆ ఫోటో ఇప్పుడు వాళ్లింట్లో దేవుడి పటాల పక్కన ఉంది.

ఆయన మాట ఆయన ఒక్కడిదే కాదు. నాడె లేని కొత్త యంత్రాలు వస్తున్నాయి. కార్ఖానాలు మూతపడి గోదాములవుతున్నాయి. పాత సాంచాలు తూకానికి అమ్ముడుపోతున్నాయి. పదేళ్ల తర్వాత మనవడు "తాతా, నాడె అంటే ఏమిటి?" అని అడిగితే చూపించడానికి ఏదైనా ఉండాలి.

కార్ఖానా ఒక్కటే కాదు, ఇల్లూ వాకిలీ కూడా చిత్రాలే. కండెలు చుట్టే అమ్మ, రాత్రి పాళీ దిగివచ్చి పగలు నిద్రపోయే అన్న, ఆ నిద్ర చెడకుండా గుసగుసగా పాఠం చదువుకునే తమ్ముడు, బంతిపూలతో బతుకమ్మ పేర్చే అక్కలు, ఇవన్నీ తీయండి. ఫిలిం రోజుల క్రమశిక్షణ ఒకటి మనకు పనికొస్తుంది. వారానికి 36 ఫోటోలే తీస్తానని నియమం పెట్టుకోండి. అప్పుడు మీట నొక్కే ముందు చూడటం అలవాటవుతుంది.

తీసినవాటిని ఫోనులోనే వదిలేయకండి. ఫోను పాడవుతుంది, పోతుంది, మారుతుంది. నెలకు నాలుగైదు మంచివి ఎంచి కాగితం మీద అచ్చు వేయించండి. వెనకవైపు పెన్సిలుతో మెల్లగా పేరు, తేదీ, గల్లీ, చేస్తున్న పని రాయండి. తెలుగులో రాయండి, వీలైతే మరాఠీలో కూడా రాయండి. మన పిల్లల్లో కొందరు ముందు ముందు ఒక లిపే చదవగలుగుతారేమో!

మా విద్యార్థి ఒకడు తండ్రి పోగు ముడివేస్తుండగా ఫోనుతో ఫోటో తీశాడు. ఏడాది గడిచాక ఆ తండ్రి జబ్బు చేసి పోయారు. ఇలాంటప్పుడు పెళ్లి గుంపు ఫోటోలోంచి ముఖం కత్తిరించి, దానికి ఎప్పుడూ తొడగని కోటు అతికించి పటం కట్టించడం మామూలు. ఆ ఇంట్లో తల్లి ఒప్పుకోలేదు. "ఇదే మీ బాపు" అని సాంచె దగ్గరి ఫోటోకే దండ వేయించింది. పదో రోజున వచ్చిన తోటి పనివాళ్లు ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. అందులో వాళ్లకు తమ పని కనిపించింది.

ఖరీదైన కెమెరా కోసం ఆగకండి. ఉన్న ఫోనుతోనే, ఇంట్లో పెద్దవాళ్లు పనిలో ఉన్నప్పుడు, వాళ్లను అడిగి, ఈ వారమే ఒక్క ఫోటో తీయండి. అచ్చు వేయించి వెనక పేరు రాయండి. సెలవు.