పద్ధతులున్నా ప్రాజెక్టులు ఎందుకు దెబ్బతింటాయి?

(మహాసభల బిజినెస్ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గదిలో ఉన్నవారిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ప్రాజెక్టు ప్లాన్ రాసినవారే. అందుకని గాంట్ చార్టు గురించీ, క్రిటికల్ పాత్ గురించీ నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. వాటర్‌ఫాల్ తర్వాత ఎజైల్ కూడా వచ్చింది. అయినా ప్రాజెక్టులు దెబ్బతింటూనే ఉన్నాయి. ఎందుకు? నాకు తోచిన కారణం ఇది: పద్ధతి నిజం రాయడానికి కాగితం ఇస్తుంది. చెప్పే ధైర్యాన్నీ, వినే ఓపికనూ ఇవ్వదు.

డెన్వర్ విమానాశ్రయం సంగతే చూడండి. ప్రయాణికుల సామాను కంప్యూటర్లు నడిపే చిన్న బళ్ళలో, పట్టాల మీద తనంతట తానే విమానం దాకా చేరాలన్నది ఆలోచన. ఇది మరీ క్లిష్టమైన పని అని 1990లోనే సలహాదారులు హెచ్చరించారు. ఇంతకంటే తేలికైన వ్యవస్థకే తమకు రెండేళ్ళు పట్టిందనీ, ఆరు నెలలు రాత్రింబవళ్ళు నడిపి చూడాల్సి వచ్చిందనీ మ్యూనిక్ విమానాశ్రయం వారు చెప్పారు. టెండర్లు వేసిన కంపెనీల్లో ఒక్కటీ గడువులోగా ముగిస్తామనలేదు. అయినా 1992లో పని అప్పగించారు. ప్రారంభ తేదీ మాత్రం 1993 అక్టోబరుగానే ఉంచారు. 1994లో విలేకరుల ముందు నడిపి చూపిస్తే పెట్టెలు చితికి, బట్టలు పట్టాల మీద పడ్డాయి. చివరికి పదహారు నెలలు ఆలస్యంగా, 1995 ఫిబ్రవరి 28న విమానాశ్రయం తెరిచారు. అప్పటికీ ఆ యంత్రాలు అనుకున్న పనిలో కొంత భాగమే చేయగలిగాయి. 2005లో వాటిని పూర్తిగా ఆపేశారు.

అక్కడ ప్లానుకు కొరత లేదు. నిజం చెప్పినవారికీ కొరత లేదు. తేదీ ముందు నిర్ణయమైపోయింది, నిజం తర్వాత వచ్చింది.

పక్కవారి కథ చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక పెద్ద కంపెనీలో పాత సిస్టం నుంచి కొత్తదానికి డేటా మార్చే పని నాకు అప్పగించారు. శని, ఆదివారాల్లో ముగియాలి. హైదరాబాదు జట్టులోని ఒక కుర్రాడు రాత్రి కాల్‌లో, "అన్నా, ట్రయల్ రెండుసార్లు చేశాం. రెండు రోజుల్లో అవదన్నా" అన్నాడు. "చూద్దాంలే" అన్నాను. రిపోర్టులో ఎరుపు పెట్టాల్సిన చోట పసుపు పెట్టాను. పైకి వెళ్ళేసరికి అది ఆకుపచ్చ అయింది. అప్పుడు నాది హెచ్‌1బీ, గ్రీన్‌కార్డు దారిలో ఉంది. నోరు విప్పడానికి భయపడ్డాను.

సోమవారం ఉదయం గోడౌన్‌లో ట్రక్కులు నిలిచిపోయాయి. తప్పు హైదరాబాదు జట్టుదని రాసి, వాళ్ళను మార్చేశారు. నేను అప్పుడూ మాట్లాడలేదు. ఆ కుర్రాడి గొంతు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మన ఇళ్ళల్లో పెద్దల ముఖం మీద "కాదు" అనం. "చూద్దాం" అంటాం. అందులోని "కాదు" మనవాళ్ళకు అర్థమవుతుంది. అదే మాటను అమెరికన్ మేనేజరుకు ఇంగ్లీషులో చెబితే, అతనికి "సరే" అనే వినిపిస్తుంది. మర్యాద మంచిదే కానీ, గడువు దగ్గర అది అబద్ధమవుతుంది.

కాబట్టి మూడు మాటలు మనవి చేస్తాను. పని చేసేవాణ్ణి అడిగాకే తేదీ చెప్పండి. తేదీ కదలదంటే పని తగ్గించండి. ఎవరైనా చెడ్డ వార్త తెస్తే ముందుగా "మంచిపని చేశావు, చెప్పావు" అనండి. ఆ ఒక్క మాట విన్నవాడు రేపు కూడా చెబుతాడు.

ఈ మహాసభల్లో భోజనాలు చూస్తున్న వాలంటీర్లకు ఇది నేర్పనక్కర్లేదు. అన్నం తరిగిపోతోందని అరగంట ముందు చెబితే ఇంకో గుండిగ ఎక్కుతుంది. అతిథి విస్తరి ముందు కూర్చున్నాక చెబితే మిగిలేది క్షమాపణే. ప్రాజెక్టయినా అంతే.