ముందు మత్తడి గీయండి



మాది మొగుళ్లపల్లి. ఈ రోజు ఆర్కిటెక్చర్ పట్టాలందుకుంటున్న మీకు భవనం గీయడం వచ్చేసింది. భవనాల నడుమ మిగిలే జాగాను గీయడమే పట్టణ రూపకల్పన. జనం ఊరిని దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లుగా గుర్తుపెట్టుకుంటారని కెవిన్ లించ్ 1960లోనే రాశాడు. ఈ ఐదింటిలో మన దగ్గర బాగా నలిగిపోయింది అంచు. నేను మాట్లాడేది దాని గురించే.

ఓరుగల్లు రాతికోట వాకిలి దగ్గర కాసేపు నిలబడండి. దారి నేరుగా లోపలికి పోదు. గోడల మధ్య మలుపు తిరిగితే తప్ప లోపలేముందో కనబడదు. శత్రువును ఆపడానికే అలా కట్టారు. అయినా నడిచి వచ్చేవాడికి ఎక్కడ బయట, ఎక్కడ లోపల అన్నది కాళ్లకే తెలుస్తుంది. గోడ అవతల కందకం, నడిబొడ్డున నాలుగు కీర్తితోరణాలు.

ఆ కోట కట్టిన కాకతీయులే చెరువులకూ అంచు కట్టారు. కట్ట నీళ్లు ఆపుతుంది, తూము పొలానికి వదులుతుంది, నిండినంక మిగిలిన నీళ్లు మత్తడి దుంకి వాగులో పడతాయి. ఎండాకాలంలో శిఖం, అంటే చెరువులో నీళ్లు నిలిచే నేల, ఖాళీగా కనబడుతుంది. అప్పుడే అక్కడ ప్లాట్ల రాళ్లు పాతుతారు.

2020 ఆగస్టులో హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగాయి. 2023 జులై 27న మా జిల్లాలోనే మోరంచవాగు మోరంచపల్లి మీద పడితే జనం ఇళ్ల పైకెక్కారు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది. కుండపోత వానే, కాదనను. కానీ నీటి దారిలో మనం ఇల్లు కడితే వానను తిట్టి లాభం లేదు.

మాలాంటి మండల కేంద్రాలకు ఆర్కిటెక్టు రావడం అరుదు. రోడ్డు వెంబడి షట్టర్లు లేస్తాయి, వెనక కాలువ పూడుతుంది. మీరు రండి. లేఅవుట్ చేతికొస్తే కాగితం మీద ముందు మత్తడినీ వాగునూ గీయండి, రోడ్డు ఆ తర్వాత. కట్ట మీద నడవడానికి దారి, నీడకు చెట్లు, బతుకమ్మను నీళ్లలో వదలడానికి ఆడవాళ్లకు జారని మెట్లు పెట్టండి. అంచును కంచెతో కాపాడలేం, అక్కడికి రోజూ జనం వస్తుంటే కబ్జా చేసేవాడు జంకుతాడు. ప్లాట్లు తగ్గుతాయని యజమాని గొణుగుతాడు. అయినా శిఖంలో వేసే ప్లాట్లకు మాత్రం సంతకం పెట్టకండి.

చెరువులు చూడాలనుకుంటే వానాకాలంలో, మత్తడి పడుతున్నప్పుడు రండి. మా ఊరి చుట్టుపక్కల చెరువులన్నీ నేనే తిప్పి చూపిస్తాను.