ఆ గొంతు ఎవరిది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాటి యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను మైకు దగ్గరికి వస్తుంటే వెనక వరుసలో ఎవరో అన్నారు, "వార్డెన్ మేడం వచ్చింది, ఇగ ఫోన్లు పక్కన పెట్టుమంటది" అని. వినిపించింది. పెట్టమనను. ఈ రోజు ఫోన్లో పాటలు వినడం గురించే మాట్లాడతాను. ఎందుకంటే నేనూ వింటాను.

రాత్రి తొమ్మిదిన్నరకు హాజరు తీసుకొని, పిల్లలు పడుకున్నాక, స్టాక్ రిజిస్టర్ ముందు పెట్టుకొని కూర్చుంటాను. బియ్యం ఎంత వచ్చాయి, పప్పు ఎంత అయింది, రేపటికి గుడ్లు ఎన్ని. ఆ లెక్కలు ఒక గంట పడతాయి. మా హాస్టల్లో చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక హోటల్లో పనిచేస్తున్న అమ్మాయి ఒకసారి నాకు ఒక పాటల వరుస పంపింది. "మేడం, మా హోటల్లో రాత్రి పూట ఇవే పెడతరు. వింటే తలనొప్పి పోతది" అని రాసింది. విన్నాను. నిజంగానే బాగున్నాయి. అప్పటి నుంచి లెక్కలు రాసేటప్పుడు అవే పెట్టుకుంటున్నాను.

ఈ పాటలను లౌంజ్ అంటారు, చిల్ అవుట్ అంటారు. కాస్త దరువు పెంచితే క్లబ్ సంగీతం. ఒక్క గాయకుడి ఆల్బమ్‌లాగా కాకుండా, దేశదేశాల పాటలను ఏరి, ఒక దాని వెనక ఒకటి కలిసిపోయేటట్టు కూర్చుతారు. స్పెయిన్ దేశంలో ఇబిజా అనే దీవిలో సముద్రం ఒడ్డున కఫే దెల్ మార్ అని ఒకటుంది. 1980లో మొదలైంది. పొద్దు గూకే వేళకు అక్కడ వినిపించే పాటలను 1994 నుంచి ఆల్బమ్‌లుగా తెచ్చారు. ప్యారిస్‌లో 1996లో తెరిచిన బుద్ధా బార్ కూడా 1999 నుంచి అలాంటివే తెచ్చింది. అరబ్బు ఊదు, మన సితారు, ఆఫ్రికా డోలు, ఎక్కడివో గొంతులు, కింద మెత్తని కంప్యూటర్ దరువు. ఇప్పుడు ఏ పెద్ద హోటల్ లాబీలో అడుగుపెట్టినా వినిపించేది ఈ కుటుంబం పాటే.

ఒక రాత్రి ఆ వరుసలో ఒక పాట వచ్చింది. ముందు దరువు, ఆ తర్వాత ఒక ముసలాయన గొంతు. మాటలు లేని పిలుపు. చేను ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు మా తాత పిలిచినట్టే ఉంది. పెన్ను కింద పెట్టేశాను. పాట పేరు 'రిటర్న్ టు ఇన్నోసెన్స్', చేసినవాళ్లు ఎనిగ్మా అని ఫోన్లో ఉంది. ఆ ముసలాయన పేరు మాత్రం లేదు. నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని, హాస్టల్ నడిపేదాన్ని. హాజరు పట్టీలో పేరు లేకుండా గదిలో ఒక మనిషి ఉంటే నాకు నిద్ర పట్టదు. వెతికాను.

ఆయన పేరు డిఫాంగ్. తైవాన్ దీవిలో అమిస్ అనే ఆదివాసీ తెగ పెద్దమనిషి. వ్యవసాయం చేసుకునేవాడు. పక్కన పాడింది ఆయన భార్య ఇగాయ్. అది వాళ్ల తెగలో పెద్దలు కూడి తాగేటప్పుడు పాడుకునే సంబరాల పాట. 1988లో సాంస్కృతిక బృందంతో ప్యారిస్ వెళ్లినప్పుడు అక్కడ వాళ్ల పాటను రికార్డు చేశారు. ఆ సీడీ నుంచి గొంతును తీసుకొని ఎనిగ్మా నిర్మాత మైఖేల్ క్రెటు తన పాటలో కలిపాడు. ఆ పాట లోకమంతా తిరిగింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారానికి కూడా వాడారు. ఆ దంపతుల పేరు మాత్రం ఎక్కడా లేదు. 1998లో వాళ్లు దావా వేశారు. ఆ రికార్డింగు ఎవరి హక్కూ లేనిదని తనకు చెప్పారని క్రెటు అన్నాడు. చివరికి కోర్టు బయట రాజీ కుదిరింది. ఆ తర్వాత వచ్చిన ప్రతులలో వాళ్ల పేరు పడింది, రాబడిలో వాటా దక్కింది. డిఫాంగ్ 2002లో కాలం చేశాడు. తన పేరు చూసుకొనే పోయాడు.

అంత అదృష్టం లేని ఇంకొక గొంతు ఉంది. 'స్వీట్ లల్లబై' అని ఒక పాట, 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి జట్టు చేసింది. ఇదీ, ఇందాకటి పాటా రెండూ 'ప్యూర్ మూడ్స్' అనే పేరున్న సంకలనంలో ఉన్నాయి. మనసు తేలిక పడడానికి వినమని టీవీలో ప్రకటనలు ఇచ్చి అమ్మిన ఆల్బమ్ అది. ఆ గొంతు సాలమన్ దీవుల్లో మలైటా అనే దీవికి చెందిన బయెగు తెగ స్త్రీది. పేరు అఫునక్వా. హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు ఆ ఊళ్లు తిరిగి రికార్డు చేశాడు. 1973లో యునెస్కో వరుసలో వచ్చిన రికార్డులో అది ఉంది. అది జోలపాటే. కానీ ఎవరి జోల? తల్లిదండ్రులు పోయిన ఇంట్లో పెద్దబిడ్డ చిన్నబిడ్డను ఊరుకోబెట్టే జోల. ఇక మనిద్దరం అనాథలం, ఏడవకు అని చెప్పే పాట. దానికి మెత్తని దరువు కట్టారు. హోటళ్లలో కాఫీ తాగుతూ జనం హాయిగా విన్నారు, నేనూ హాయిగా విన్నాను.

ఇంకో సంగతి వినండి. డీప్ ఫారెస్ట్ ఆల్బమ్ ఆఫ్రికా అడవుల్లోని పిగ్మీల పేరు చెప్పుకొని వచ్చింది. 1996లో జాన్ గర్బారెక్ అనే నార్వే సంగీతకారుడు అదే బాణీని వాయించి దానికి 'పిగ్మీ లల్లబై' అని పేరు పెట్టాడు. పసిఫిక్ సముద్రంలోని దీవి పాట ఆఫ్రికా పాట అయిపోయింది. పాడిన మనిషి పేరు ఒక్కసారి తెగిపోతే, తర్వాత ఊరు పోతుంది, చివరికి ఖండం కూడా పోతుంది.

ఇంతవరకు చెప్పి, "చూశారా, బయటివాళ్లు ఎంత పని చేశారో" అని నేను మైకు దిగిపోవచ్చు. మీరు చప్పట్లు కొడతారు. కానీ అసలు చెప్పాల్సింది ఇప్పుడే ఉంది. అదే పని నేనూ చేశాను.

మా హాస్టల్లో వంట చేసే అవ్వ ఉంది. బియ్యం చెరిగేటప్పుడు గోండిలో పాడుతుంది. ఒక మధ్యాహ్నం ఆమె జోలపాట పాడుతుంటే ఫోన్లో తీశాను. మంచి ఉద్దేశమే. మన భాష పిల్లలకు వినిపించాలని. గ్రూపులో పెట్టి, కింద "మన గోండి పాట, అందరూ వినండి" అని రాశాను. అవ్వ పేరు రాయలేదు, ఊరు రాయలేదు. గ్రూపులో పెట్టనా అని ఆమెను అడగనూ లేదు.

ఏడాది తర్వాత పక్క ఊళ్లో పెళ్లికి ఇద్దరం కలిసి వెళ్లాం. బరాత్ బయలుదేరింది. బాక్సుల మీద దరువు, పిల్లలు దుమ్ము లేచేటట్టు ఎగురుతున్నారు. ఆ దరువు మధ్యలో అవ్వ గొంతు. పాట మొత్తం లేదు. ఒక్క మాట కత్తిరించి, దాన్నే తిప్పి తిప్పి వేస్తున్నారు. డీజే వాళ్లు లూపు అంటారు గదా, అది. విస్తరి ముందు కూర్చున్న అవ్వ చేయి ఆగిపోయింది.

ఆ మాట ఆమె బిడ్డ పేరు. జోలలో అవ్వ తన బిడ్డ పేరు పెట్టి పాడుతుంది. ఆ బిడ్డ చిన్నప్పుడే జ్వరంతో పోయింది. నేను ఇన్నేళ్లు ఆమె చేతి అన్నం తిన్నాను, ఆ సంగతి నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు.

అవ్వ ఎవరినీ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఒక్క మాట అడిగింది. "మేడం, అండ్ల దాని పేరు అన్నిసార్లు ఎందుకు పిలిచిన్రు? వచ్చేదుందా?"

ఆ రాత్రి నేను పాటలు పెట్టుకోలేదు. అఫునక్వా గుర్తుకొచ్చింది. తల్లిదండ్రులు లేని పిల్ల జోలను విని హాయిగా ఉందన్నది నేను. బిడ్డ లేని తల్లి జోలకు ఎగిరింది మన పిల్లలు. రెండు చోట్లా చెడ్డ మనసుతో చేసినవాళ్లు లేరు. అడగనివాళ్లు ఉన్నారు, అంతే.

మన దగ్గర ఇది ముందు నుంచీ ఇట్లా లేదు. వేదిక మీద ప్రధాన్ పెద్దలు ఉన్నారు, తప్పయితే దిద్దండి. నాలుగు సగల వాళ్లది, ఐదు సగల వాళ్లది, ఆరు, ఏడు సగల వాళ్లది, ఎవరి కథ వాళ్లది. ఏ ఇంటికి ఏ ప్రధాన్ కిక్రి పట్టుకొని రావాలో, ఏ పెన్ ముందు ఏ కథ పాడాలో అందరికీ తెలుసు. మన పాటకు ఎప్పుడూ ఒక ఇల్లు ఉంది, పిలిచే వేళ ఉంది. గుస్సాడి అంటే మార్లవాయి కనకరాజు తాత పేరు లోకానికి తెలిసింది, 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆటకు మనిషి పేరు తోడుంటే ఆటకూ గౌరవం, ఊరికీ గౌరవం.

పొద్దున ర్యాలీలో మీరు ట్రాక్టర్ మీద బాక్సులు పెట్టి ఎగిరారు. నేను వద్దనను. తుడుం, పెప్రె, కాలికోం పక్కన కంప్యూటర్ దరువు వచ్చినంత మాత్రాన పెన్‌లకు కోపం రాదు. డిఫాంగ్ తాత కూడా 1998లో తన పాటలను కొత్త వాయిద్యాలతో కలిపి ఆల్బమ్‌గా ఇచ్చాడు. ఈసారి తన ఇష్టంతో, తన పేరుతో. కలపడం ఎవరి ఇష్టంతో జరుగుతుందన్నది చూడాలి.

కాబట్టి మీతో ఒక ఒప్పందం. పాట వినేటప్పుడు ఒక్కసారి ఫోన్లో కింద రాసింది చదవండి. అక్కడ మనిషి పేరు బదులు "సంప్రదాయం" అని ఉంటే, ఒక్క నిమిషం ఆగి ఆ గొంతు ఎవరిదని వెతకండి. సంప్రదాయం పాడదు, మనిషి పాడతాడు.

మీరే రికార్డు చేసేటప్పుడు, మొదట అడగండి. పాడడం మొదలుకాక ముందే వాళ్ల నోటితోనే పేరు, ఊరు చెప్పించండి. గొంతులోనే పేరు ఉంటే ఎవరు ఎక్కడికి పంపినా కొంత దూరమైనా వెంట పోతుంది. ఇది ఏ వేళ పాడే పాట, దీని అర్థం ఏమిటని అడగండి. పాట మొత్తం, కోతలు లేకుండా ఒక ప్రతి దాచండి. పెన్ ముందు పాడేవి, చావు దగ్గర పాడేవి పెద్దలు సరే అంటేనే తీయండి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టండి. డబ్బు వస్తే పాడినవాళ్లకు వాటా ఇవ్వండి.

ఇది మర్యాద మాత్రమే అనుకోకండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాడేవారి హక్కు, వాయించేవారి హక్కు అందులో ఉంది. 2012 సవరణలో చేర్చిన 38బి సెక్షన్ ప్రకారం తన ప్రదర్శనకు తన పేరు చెప్పించుకునే హక్కు కళాకారులకు ఉంది. 2007లో ఐక్యరాజ్యసమితి చేసిన ఆదివాసీ హక్కుల ప్రకటనలో 31వ అధికరణం మన కళల మీద, మన విజ్ఞానం మీద మనకే అధికారం ఉండాలని చెబుతుంది. మన దేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది.

చివరగా ఆ పెళ్లి పాట సంగతి. దాన్ని చేసిన డీజే పిల్లవాడు మనవాడే. పిలిపించాను. సంగతి చెబితే తల వంచుకున్నాడు. "గోండి పాట అని రాసి ఉంటే, అందరిదీ అనుకున్న మేడం" అన్నాడు. ఆ మాట రాసింది నేనే గదా. ఇద్దరం కలిసి అవ్వ దగ్గరికి వెళ్లాం. తనది వెంటనే తీసేశాడు. నేను గ్రూపులో పెట్టింది నేనూ తీసేశాను. కానీ ఎన్ని ఫోన్లలోకి పోయిందో, అది ఇక వెనక్కి రాదు. ఆ పాట ఇప్పటికీ ఎక్కడో మోగుతూనే ఉంటుంది. ఆ తప్పు నా లెక్కలో అట్లాగే ఉంది.

అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చేటను పక్కన పెట్టి, "ఎగురుటానికి వేరే పాట ఉంటది బిడ్డా, అది అడుగ రాదా" అన్నది. పెళ్లి పాట ఒకటి పాడింది. వాడు మొదట ఆమె పేరు, ఊరు చెప్పించి, ఆ తర్వాతే రికార్డు చేశాడు. ఈ సాయంత్రం మీ బాక్సుల మీద ఆ పాట వస్తుంది. దరువు కన్నా ముందు ఒక ముసలామె తన పేరు చెబుతుంది. అప్పటిదాకా ఎగరకుండా ఆగండి. పేరు విన్నాక మీ ఇష్టం, దుమ్ము లేచేదాకా ఎగరండి. ఈ రోజు హాజరు తీసుకోను.

జై సేవ.