పంక్తికి పొలిమేర



పూర్వపు కమలాపురము తాలూకాలోని కలమళ్ల గ్రామమున, చెన్నకేశవాలయ ప్రాంగణమున ఒక శాసనస్తంభము లభించినది. క్రీ. శ. 575 ప్రాంతపు రేనాటి చోళుడగు ధనంజయుని కాలపు దది. మనకు దొరకిన తెలుగు శాసనములలో ప్రాచీనతమమని పలువు రెంచుదురు. రాతి వెడల్పు స్వల్పమగుటచే పంక్తులును స్వల్పములే. అంచు రాగానే మాటను నడుమనే విఱిచి మిగిలిన యక్షరములను క్రింది వరుసకు దించిరి. రాజు పేరు సైతము రెండు ముక్కలయ్యెను. అయినను ఒక్క యక్షరమైన విడువలేదు గనుక పండితులు దానిని కూర్చి చదువగలిగిరి.

ఈ మాట యేల చెప్పుచున్నాననగా, మా తమ్ముని కుమారుడు బెంగుళూరున కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయును. ప్రోగ్రామనగా యంత్రమునకు వ్రాసియిచ్చు ఆజ్ఞల వరుస. సంక్రాంతికి వచ్చి, "పెదనాన్నా, మాకును పంక్తికి ఇన్ని యక్షరములే యను కట్టడి యున్నది" అనెను. 1928లో ఐ. బి. ఎం. వారు చేసిన రంధ్రముల అట్టలో 80 నిలువు వరుసలుండెను. అట్టలు పోయినను ఆ లెక్క నిలిచినది. పైథాను భాషవారు 2001లో వ్రాసికొన్న నియమావళిలో 79 అక్షరములే హద్దు. లినక్సువారు 2020లో తమ తనిఖీ హద్దును 100కు పెంచియు, 80 లోపలనే మేలనిరి.

కట్టడి వలన మేలు కలదు. పంక్తి మిక్కిలి పొడవైనచో, కన్ను తిరిగి వచ్చునప్పుడు వరుస తప్పును. పంక్తులు పొట్టివైనచో రెండు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి పోల్చవచ్చును.

కీడును కలదు. అబ్బాయి యొక రుణముల లెక్కలో "చెల్లించిన వడ్డీ" అను పేరు పంక్తిలో పట్టలేదని దానిని, మన భాషలో చెప్పవలెనన్న, "చె. వ." అని కుదించెనట. మూడేండ్ల పిదప మఱియొకడు దానిని "చెల్లింపవలసిన వడ్డీ" యని చదివి లెక్క మార్చెను. బాకీ తీర్చిన రైతులకే తాకీదులు పోయెను! తప్పు తెలిసి సరిదిద్దిరి గాని, తాకీదు నందుకొన్న యింట ఆ రాత్రి నిద్ర యెట్లుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు.

కావున నా యభిప్రాయ మిది. హద్దు ఉండవలసినదే, కాని అది పంక్తిని విఱుచుటకే గాని పేరును కుదించుటకు గాదు. విఱుచునప్పుడును అర్థము ముగియు తావున విఱువవలెను. మనము చేనికి గట్టు వాలు చూచి వేయుదుము గాని కోల కొలత చూచి వేయము గదా! ఎక్కడను విఱువ వీలుకానిచో, ఆ యొక్క పంక్తిని హద్దు దాటనిచ్చుటయే మేలు.

మీరు ప్రోనోటు వ్రాసినను, దస్తావేజు వ్రాసినను ఇదియే నీతి. కాగితపు అంచు వచ్చినదని పేరును, పైకమును కుదింపకుడు. దానిని రేపు చదువువాడు మన యెదుట కూర్చుండి మనలను అడుగలేడు.